అందగత్తెకు పనెందుకు?

పూర్వం గొర్రెల కాపరులకు ఒక దురభ్యాసం ఉండేది: కుక్కను పని చూసి వెల కట్టేవారు. ఇంగ్లండు, స్కాట్లండు సరిహద్దు కొండల్లో ఈ అనాగరికత మరీ ముదిరిపోయింది. తమ బోర్డర్ కోలీ జాతి కుక్క చెవులు నిలబడ్డాయా వాలిపోయాయా, బొచ్చు నలుపా గోధుమ రంగా అన్న ముఖ్యమైన ప్రశ్నలను వదిలేసి, మంద చెదరకుండా కొండ దిగిందా లేదా అన్నదొక్కటే వారు అడిగేవారు. 1893లో నార్తంబర్లండులో ఆడమ్ టెల్ఫర్ అనే పెంపకందారు దగ్గర పుట్టిన ఓల్డ్ హెంప్ అనే కుక్కను ఈ జాతికి మూలపురుషుడిగా ఇప్పటికీ కొలుస్తున్నారంటే, దానికి కారణం ముక్కు తీరు కాదు. అది పెద్దగా అరవకుండానే, ఒళ్లు వంచి, కళ్లార్పకుండా చూసి, ఆ చూపుతోనే గొర్రెలను కదిలించేదట. 1906లో ఏర్పడిన కాపరి కుక్కల సంఘం ఇంటర్నేషనల్ షీప్ డాగ్ సొసైటీ కూడా ఈ మోటు దృష్టినే పట్టుకు వేలాడింది.

అదృష్టవశాత్తు నాగరికత ప్రవేశించింది. రూపం చూసి పెంచితే పనితనం పోతుందని కాపరుల పక్షం వారు ఎంత మొత్తుకున్నా, 1995లో కుక్కల జాతులను నమోదు చేసే అమెరికన్ కెనెల్ క్లబ్ బోర్డర్ కోలీని అధికారికంగా అందాల బరిలోకి దించింది. అభివృద్ధి కాముకుడిగా నేను ఈ నిర్ణయాన్ని మనస్ఫూర్తిగా బలపరుస్తున్నాను. అందం కొరుక్కు తింటామా అని అడిగేవారు కుక్కల ప్రదర్శనకు ఎన్నడూ వెళ్లి ఉండరు. బ్రిటిష్ ప్రమాణాల ప్రకారం మగ కోలీ ఎత్తు సుమారు 53 సెంటీమీటర్లు ఉండాలి, ఒంటి మీద తెలుపు మిగతా రంగును మించకూడదు, తోక కిందికి ఉండి చివర కాస్త పైకి తిరగాలి. కుక్క తోకను తరతరాలుగా ఎగతాళి చేసిన మన జాతి ఈ చివరి నిబంధన చదివి సిగ్గుపడాలి. ఇంతా చేసి ఆ బరిలోకి ఒక్క గొర్రెను కూడా రానివ్వరు; వస్తే న్యాయనిర్ణేతల నిష్పాక్షికత దెబ్బతింటుందని కాబోలు.

ఈ సౌందర్య దృష్టి ఇప్పుడు మన హైదరాబాదు అపార్టుమెంట్ల దాకా వచ్చింది. కోలీకి రెండు పొరల బొచ్చు ఉంటుంది. వారానికి రెండు మూడు సార్లు, రాలే రోజుల్లో ప్రతిరోజూ, చెవుల వెనుకా తొడల వెనుకా చిక్కులు పడకుండా దువ్వాలి. చర్మాన్ని ఎండ నుంచి కాచేది ఆ బొచ్చే గనుక, వేసవి రాగానే దయగల యజమాని దాన్ని నున్నగా గొరిగించి పుణ్యం కట్టుకుంటాడు. కోలీలకు వచ్చే వంశపారంపర్య కంటి లోపానికి జన్యు పరీక్ష ఉన్నా, అది ఫొటోలో కనబడదు గనుక కొనేవారు అడగరు.

దువ్విన కోలీ సోఫా పక్కన బుద్ధిగా కూర్చోవలసింది. కానీ దానికి మర్యాద తెలియదు. రోజూ బాగా పరుగెత్తించి, దాని బుర్రకు కూడా ఏదో ఒక పని చెప్పకపోతే, అది తనకు తానే ఉద్యోగం ఇచ్చుకుంటుంది. గడ్డం నేలకు ఆనించి, ముందు కాలొకటి గాలిలో ఆపి, గోడ మీద ఫ్యాను నీడను గంటల తరబడి కాపలా కాస్తుంది. పుట్టినరోజుకు వచ్చిన పిల్లలను చుట్టూ తిరిగి ఒక మూలకు తోలి, తప్పించుకోబోయిన వాడి మడమను పళ్లతో సుతారంగా హెచ్చరిస్తుంది. దీన్ని పొగరు అంటారు ఇంటివారు. సరిహద్దు కొండల్లో దీనికే తిండి పెట్టేవారు.

కనుక నాదొక నిర్మాణాత్మక సూచన. కోలీని కొన్న ప్రతి ఫ్లాటువారికీ పార్కింగులో అదనంగా ఒక స్థలం కేటాయించి, అందులో ఇరవై గొర్రెలను కట్టేసుకునేందుకు అపార్టుమెంటు సంఘం వారు అనుమతించాలి. మేత ఖర్చు నెలవారీ మెయింటెనెన్సులో కలిపితే ఎవరికీ భారం కాదు. లిఫ్టులో గొర్రెలకు ప్రవేశం ఉండాలా వద్దా అన్నది మాత్రం సర్వసభ్య సమావేశంలో చర్చించి తేల్చవలసిన విషయం.