బ్రెజిల్ అల్లుడికి కూలర్ మర్యాదలు

హన్మకొండ ప్రజలకు మనవి. మా కాలనీ పెద్దమనిషి ఒకాయన మిద్దె మీద బ్రెజిల్ అడవిని పెంచుతున్నడు. అడవి అంటే ఒక్కటే మొక్క లెండ్రి, కుండీల ఉంటది, పేరు జబోటికాబా. అక్కడి అట్లాంటిక్ తీరం వాన అడవుల్ల పుట్టిందట, ద్రాక్షల లెక్క నల్లటి పండ్లు సక్కగ మానుకే కాస్తయట. "మానుకు కాసుడేంది, ప్రపంచ వింత!" అని గ్రూపుల రోజూ ఫోటోలు. మరి పనసకాయ ఎక్కడ కాస్తదో? అది గూడ వాన అడవి చెట్టే, మన పడమటి కనుమలది, కాని పాపం దానికి పాస్‌పోర్ట్ లేదు.

ఇగ మే నెల ముచ్చట వినుండ్రి. వరంగల్ల 44, 45 డిగ్రీలు, మొక్కకేమో ఎప్పుడూ తేమ ఉండాలె. గ్రీన్ నెట్ కట్టిండు, నెట్ కింద కూలర్ పెట్టిండు. బోరు నీళ్లు పడవట, ఉప్పు ఎక్కువ, అందుకని ఆర్వో నీళ్లు. ఒకనాడు మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. కింద వాళ్లమ్మ "బిడ్డా, పాణం పోతున్నట్టున్నదిరా" అంటుంటే ఈయన ఇన్వర్టర్ వైరు మిద్దె మీదికి గుంజిండు, కొత్త అల్లుడు అలుగుతడు గదా! వదినె తువ్వాల తడిపి పరుగెత్తుకొచ్చింది, అత్తమ్మ నెత్తి మీద ఏస్తదనుకున్న, పోయి కుండీకి చుట్టింది. నాకిచ్చిన గ్లాసుల సగం నీళ్లు మిగిలితే అవి గూడ తీస్కపోయి అండ్లనే పోసిండ్రు. "ఎప్పుడు కాస్తది బావా?" అన్న. గింజ మొక్క అట, 8 ఏండ్లు పట్టొచ్చు, 15 గూడ పట్టొచ్చు.

నవ్వుకునే ముచ్చటే, కాని అదే ఇంటి వాకిట్ల నేరేడు చెట్టు ఉండె. ఎవ్వల్ని ఒక్క చెంబు నీళ్లు అడగలే, దాని నీడల ఇస్త్రీ బండాయన బతికిండు, పోరగాండ్ల నాలుకలన్నీ ఊదా రంగు. కారు మీద మరకలు పడుతున్నయని రంపం పెట్టించిండు! నేరేడు, జబోటికాబా రెండూ ఒక్క కుటుంబపు చెట్లే, జామ గూడ అదే కుటుంబం. తెల్వదా? తెల్వకపోతే అడగొద్దా? ఇంటి చెట్టును పొట్టు పొట్టు జేసి దాని చుట్టానికి కూలర్ పెడుతవా, సిగ్గుండాలె. ఆయనకు షుగరు, నేరేడు గింజల పొడి నెలనెలా ఆన్‌లైన్ల తెప్పించుకుంటడు! ములుగు దిక్కు నుంచి తునికి పండ్లు, మొర్రి పండ్లు గంపల ఎత్తుకొచ్చే అవ్వ దగ్గరనేమో పది రూపాయలకు అర్ధగంట బేరం.

ఈ వానాకాలం రాంబుటాన్ గూడ పెడుతడట, తిన్న పండు గింజే నాటి మొలిపిస్తడట. గింజ మొక్కల్ల మగ చెట్లు గూడ వస్తయి, మగది పడ్డదంటే ఎన్నేండ్లు సాకినా పూత తప్ప పండు రాదు. దయచేసి ఎవ్వలు ఆయనకు చెప్పకుండ్రి.