ఈ పరికరం సక్రమంగా పనిచేస్తోంది

నాకు నిద్ర, నా కంప్యూటర్‌కు అప్‌డేట్ ఒకే వేళకు పట్టాయి. తెల్లవారి లేచి చూస్తే, మీ కంప్యూటర్ మునుపటికన్నా మెరుగైందన్న శుభవార్త తెర మీద వెలుగుతోంది. స్పీకర్లు మాత్రం మూగబోయి ఉన్నాయి. అర్ధరాత్రి దాకా నిక్షేపంగా పాడిన స్పీకర్లవి. వాటి మీద నీళ్లు ఒలకలేదు, తీగను ఎలుక కొరకలేదు, ఎవరి చెయ్యీ తగిలి అవి కింద పడలేదు. ఉన్నట్టుండి వాటికి వచ్చిన రోగమల్లా, అవి ఆశ్రయించుకున్న కంప్యూటర్ మెరుగుపడటమే.

ఈ మాత్రానికే అయితే నేను కలం పట్టేవాణ్ణి కాను. యంత్రమన్నాక పాడవుతుంది, బాగుచేసుకుంటాం. నన్ను రెచ్చగొట్టినది ఒకే ఒక్క వాక్యం. విండోస్‌లో డివైస్ మేనేజర్ అనే పట్టికలో స్పీకర్ బొమ్మ మీద రెండుసార్లు నొక్కితే ఒక చిన్న పెట్టె తెరుచుకుంటుంది, అందులో ఇలా రాసి ఉంటుంది: 'ఈ పరికరం సక్రమంగా పనిచేస్తోంది.' శవం పక్కన కూర్చుని ఆరోగ్య ధ్రువపత్రం రాసిచ్చే వైద్యుడికైనా సంతకం దగ్గర చెయ్యి కాస్త వణుకుతుంది. ఈ వాక్యానికి ఆ పాటి తొట్రుపాటు కూడా లేదు. పోనీ కొత్త డ్రైవర్ ఏమైనా ఉందేమో వెతకమని అడిగితే, మీ పరికరానికి తగిన అత్యుత్తమ డ్రైవర్ ఇప్పటికే ఉందని సమాధానం. పాత డ్రైవర్‌నే తిరిగి ఇప్పించమని అడుగుదామంటే, అందుకు పెట్టిన మీట బూడిద రంగులో ఉంది. మీటను పెట్టారు, నొక్కనివ్వరు.

న్యాయంగా మాట్లాడాలంటే ఆ వాక్యం పచ్చి అబద్ధమేమీ కాదు. ఆపరేటింగ్ సిస్టమ్‌కు, పరికరానికి ఒకరి భాష మరొకరికి రాదు కాబట్టి మధ్యలో డ్రైవర్ అనే దుబాసీ ఉంటాడు. అప్‌డేట్ వచ్చినప్పుడు ఒక్కోసారి సభలో భాషే మారిపోతుంది, ఆ కబురు దుబాసీకి అందదు. ఒక్కోసారి తయారీదారు పంపిన, ఆ పరికరం గుట్టుమట్లన్నీ ఎరిగిన దుబాసీని లేపేసి, ఏ పరికరానికైనా సరిపెట్టుకోదగిన సాధారణ దుబాసీని ఆ పీట మీద కూర్చోబెడతారు. ఎవరు కూర్చున్నా సరే, వేళకు వచ్చి, తప్పేదీ నమోదు కాకుండా హాజరుపట్టీలో సంతకం పెడితే చాలు, 'సక్రమంగా' అన్న ముద్ర పడిపోతుంది. శబ్దం బయటికి వచ్చిందా లేదా అని కనుక్కునే చెవి ఆ కొలువులో ఎవరికీ లేదు. ఉన్న చెవి ఒక్కటే, అది నాది. దాని సాక్ష్యం చెల్లదు.

ఆ సంగతి నాకు, లోపాలను వెతికిపెట్టడానికి విండోస్‌లోనే ఉండే ట్రబుల్‌షూటర్ గారి సముఖంలో తెలిసివచ్చింది. నేను దాన్ని ఒక విచారణ సంఘంగా భావించి, వినయంగానే తలుపు తట్టాను. 'సమస్యలను గుర్తిస్తున్నాం' అని ప్రకటించి, ఒక పచ్చటి గీతను ఎడమ నుంచి కుడికి, మళ్లీ ఎడమ నుంచి కుడికి నడిపిస్తూ నన్ను చాలాసేపు కూర్చోబెట్టింది. తరువాత ప్రశ్నలు మొదలయ్యాయి. స్పీకర్ల తీగ గుచ్చారా? గుచ్చాను. శబ్దం పూర్తిగా తగ్గించి పెట్టుకున్నారా? లేదు. అయినా నా మాట నమ్మక తానే ఒకసారి తగ్గించి, మళ్లీ పెంచి, తృప్తి పడింది. ఇప్పుడు ఒక పరీక్ష ధ్వని వినిపిస్తాం, శ్రద్ధగా వినండి, అంది. నేను ఊపిరి బిగబట్టి, స్పీకర్‌కు చెవి ఆనించి విన్నాను. తెర మూలన శబ్దం స్థాయిని చూపే ఆకుపచ్చ పట్టీ ఎగిరెగిరి పడుతోంది. ధ్వని పుడుతోందనడానికి అదే రుజువు. గదిలో మాత్రం ఫ్యాను చప్పుడు తప్ప మరొకటి లేదు. వినిపించిందా, అని అడిగింది. లేదన్నాను. అయితే మరోసారి వినిపిస్తాం, అంది. మళ్లీ పట్టీ ఎగిరింది, మళ్లీ ఫ్యానే వినిపించింది, మళ్లీ లేదన్నాను. మూడోసారి అడిగేసరికి నాకే అనుమానం పుట్టి, వేళ్లతో చిటిక వేసి చూసుకున్నాను. చిటిక వినబడింది. కంప్యూటర్‌ను పరీక్షించడానికి వచ్చి నన్ను నేను పరీక్షించుకోవలసిన స్థితికి చేరానన్నమాట. చివరికి సంఘం తన నివేదికను సమర్పించింది: 'సమస్య ఏదీ కనబడలేదు.' దాని కింద ఇంకొక ప్రశ్న: 'మీ సమస్య పరిష్కారమైందా?' లేని సమస్య పరిష్కారమైందో లేదో చెప్పడం ఎంతటి తార్కికుడికైనా కష్టమే. నేను కాలేదని నొక్కాను. 'మీ అభిప్రాయానికి ధన్యవాదాలు' అని విచారణ ముగించి, తలుపు వేసుకుంది.

అక్కడి నుంచి మనుషుల దగ్గరికి వెళ్లాను. సహాయ కేంద్రంలో ఒక మర్యాదస్తుడు, మీకు కలిగిన అసౌకర్యానికి మిక్కిలి చింతిస్తున్నాను సర్ అని చింతించి, ఎస్‌ఎఫ్‌సి స్కాన్‌నౌ అనే ఆదేశాన్ని నడపమన్నాడు. సిస్టమ్ ఫైళ్లు చెడిపోయాయేమో చూసే ఆ ఆదేశం అవి చెడినప్పుడు మంచి మందే, కాని అక్కడ తలనొప్పికీ అదే, కాలు విరిగినా అదే. నడిపాను. లోపమేదీ లేదంది. కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేశారా సర్, అన్నాడు. ఆపి మళ్లీ పెట్టానన్నాను. అది లెక్కలోకి రాదు సర్, అన్నాడు. వెటకారం అనుకున్నాను గాని, అతను చెప్పినది అక్షరాలా నిజం. 2012లో వచ్చిన విండోస్ 8 కాలం నుంచి, ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు అమల్లో ఉన్న కంప్యూటర్‌ను 'షట్ డౌన్' చేస్తే అది పూర్తిగా ఆగదు. సిస్టమ్‌కు గుండెకాయలాంటి కెర్నల్‌నూ డ్రైవర్లనూ ఉన్నవి ఉన్నట్టుగా డిస్కులో దాచుకుని, మర్నాడు అక్కడి నుంచే అందుకుంటుంది. 'రీస్టార్ట్' చేస్తేనే అన్నీ మొదటి నుంచి మొదలవుతాయి. అంటే, ఆపడానికి ఆపు నొక్కకూడదు, మళ్లీ మొదలుపెట్టడం నొక్కాలి. ఈ భాషను కనిపెట్టిన మహానుభావుల దగ్గర నా చెవి సాక్ష్యం చెల్లకపోవడంలో ఆశ్చర్యమేముంది?

నా ఒక్కడి జాతకమే ఇలా ఉందనుకుంటే పొరపాటు. 2016 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ తన విండోస్ 10కు యానివర్సరీ అప్‌డేట్ ఇచ్చినప్పుడు, ఒకే కెమెరాను ఒకేసారి అనేక ప్రోగ్రాములు వాడుకునే సౌకర్యం కల్పించబోయి, ఎంజేపెగ్, హెచ్.264 అనే కుదింపు రూపాల్లోని దృశ్యాలు కెమెరా నుంచి ప్రోగ్రాములకు నేరుగా అందకుండా చేసింది. ఎన్నో వెబ్‌క్యామ్‌లు బిగుసుకుపోయాయి. పదిమందికి పంచుదామని కెమెరాను ఒక్కరికీ దక్కకుండా చేసిన ఆ దాతృత్వంలో, మైక్రోసాఫ్ట్ సొంత బిడ్డ, వీడియో కాల్స్ ప్రోగ్రామ్ స్కైప్‌కు కూడా మినహాయింపు దొరకలేదు. ఇక 2025 అక్టోబర్ 14 నాటి విండోస్ 11 అప్‌డేట్ ముందు అదీ దిగదుడుపే. కంప్యూటర్ తెరుచుకోనప్పుడు బాగుచేసుకోవడానికి రికవరీ ఎన్విరాన్‌మెంట్ అనే గది ఒకటి ఉంటుంది కదా, ఆ గదిలో యూఎస్‌బీ కీబోర్డులు, మౌస్‌లు పనిచేయడం మానేశాయి. చక్కగా తెరుచుకునే కంప్యూటర్‌లో అవి బంగారంలా పనిచేశాయి; పడిపోయి, చెయ్యి అందించమని అడిగే కంప్యూటర్‌లో మాత్రం చెయ్యి ఆడలేదు. విరుగుడుగా 20వ తేదీన మరో అప్‌డేట్ ఇచ్చారు. దాన్ని వేసుకోవాలంటే కంప్యూటర్ మామూలుగా తెరుచుకోవాలి. ఈ లోపు ఆ గదిలో చెయ్యి ఆడినది ఎవరికయ్యా అంటే, గుండ్రటి మూతి ఉన్న పాత పీఎస్/2 కీబోర్డును పారేయకుండా దాచుకున్న ఛాందసులకు. 'కీబోర్డు లేదు, ముందుకు సాగడానికి ఎఫ్1 నొక్కండి' అని పూర్వకాలపు కంప్యూటర్లు అడిగితే నవ్వుకున్నవాళ్లం, అది ముందుచూపని గ్రహించలేకపోయాం.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. స్పీకర్లు మూగబోతే నాకు పోయేది ఒక పాట, ఒక వార్త. కళ్లు కనబడని మనిషికి అలా కాదు. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ మీదే ఆ మనిషి ఉద్యోగం, చదువు, ఉత్తరప్రత్యుత్తరాలు ఆధారపడి ఉంటాయి. అతనికి శబ్దమే తెర. తెర మీది అక్షరాలను వేళ్లతో తడిమి చదివించే బ్రెయిలీ డిస్‌ప్లే అందరి దగ్గరా ఉండే వస్తువు కాదు. రాత్రికి రాత్రి ఆ శబ్దాన్ని తీసేస్తే అతని కంప్యూటర్ మొత్తం పోయినట్టే, ఏమైందో చెప్పే సందేశంతో సహా, దారి చూపవలసిన ట్రబుల్‌షూటర్‌తో సహా. అప్‌డేట్ పంపిన మహానుభావులారా, అతనికి మీరిచ్చే సలహా ఏమిటి? లోపం ఉందని చెప్పే పసుపు త్రికోణం కోసం చూడమని! బూడిద రంగు మీట కనబడుతోందేమో గమనించమని! పక్కింటివాళ్లు ఎవరో వచ్చి కళ్లు అరువిచ్చేదాకా ఒక వయోజనుడు చేతులు కట్టుకు కూర్చోవాలి. అతను అప్‌డేట్ అడగలేదు. వద్దంటే ఊరుకునేవాళ్లూ కాదు, వాయిదా వేసుకోవడం తప్ప వద్దనే మీటే మీరు పెట్టలేదు. సరిగా పరీక్షించకుండా జనం మీదికి వదిలి, వాళ్ల పనిదినాలను మీ ప్రయోగశాలగా వాడుకుని, ఆ పైన 'మీ సమస్య పరిష్కారమైందా?' అని అడగడానికి నోరెలా వస్తుంది?

మర్యాదస్తుడు చివరగా ఇచ్చిన తీర్పు చెప్పడం మరిచాను: మీ స్పీకర్లు పాతవి సర్, కొత్తవి కొనుక్కోండి. ఆడలేక మద్దెల ఓడన్న సామెత ఇక్కడ అక్షరాలా మద్దెల దాకా వచ్చింది. అవే స్పీకర్లను ఫోనుకు తగిలించి చూశాను. పాడాయి.

నాలుగో రోజు, ఆశ వదిలేసుకున్నాక, శబ్దం ఎక్కడికి వెళ్లాలో నిర్ణయించే జాబితాను ఊరికే తెరిచాను. ముందుగా అక్కడికే వెళ్లవలసిందని మీలో తెలిసినవారు అనవచ్చు. నేను ఎన్నడూ ముట్టుకోని జాబితా తనంతట తానే మారుతుందని నాకు తోచలేదు. స్పీకర్ల పేరు రెండో వరుసలో ఉంది. మొదటి వరుసలో, గుర్తు పెట్టించుకుని, నా మానిటర్ పేరు ఉంది. అప్‌డేట్‌తో పాటు దిగిన, తెర మీది బొమ్మలను చూసుకునే గ్రాఫిక్స్ డ్రైవర్, కంప్యూటర్‌ను మానిటర్‌కు కలిపే హెచ్‌డీఎంఐ తీగ గుండా శబ్దాన్ని పంపే తన సొంత దారిని వెంట తెచ్చుకుని, ఎవరికీ చెప్పకుండా దాన్నే రాజమార్గం చేసింది. నాలుగు రోజులుగా పాటలన్నీ, వార్తలన్నీ, విచారణ సంఘం వారి మూడు పరీక్ష ధ్వనులూ ఒక్కటి పొల్లుపోకుండా ఆ తీగలోంచి మానిటర్‌కు చేరుతూనే ఉన్నాయి. నా మానిటర్‌కు స్పీకర్లు లేవు. దాని పేరు మీద రెండుసార్లు నొక్కి చూశాను. అది కూడా సక్రమంగా పనిచేస్తోందట.