రెండు బాత్రూముల మోటార్‌హోమ్ గురించి తిరుగుతున్న మెసేజ్‌లో ఒక్క మాటా నిజం కాదు

వేసవికి అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే విశాఖ తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఈమధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. మోటార్‌హోమ్, అంటే పడక, వంటిల్లు, బాత్రూము అన్నీ లోపలే ఉన్న బండి, అద్దెకు తీసుకుని ఎల్లోస్టోన్‌కో గ్రాండ్ కాన్యన్‌కో వెళ్లేవాళ్లకు సలహా అన్నట్టు రాశారు. అందులో ఉన్నది ఇదీ:

"పెద్ద కుటుంబమైతే రెండు బాత్రూములున్న బండే తీసుకోండి. రెండు బాత్రూములకు రెండు ట్యాంకులుంటాయి, రెండింతల రోజులు వస్తుంది. మన రైళ్లలో బయో టాయిలెట్ లాగే మందు ప్యాకెట్ వేస్తే బ్యాక్టీరియా మొత్తం తినేస్తుంది. క్యాంపులో పైపు తగిలించి వాల్వు తెరిచి ఉంచేయండి, ఎప్పటిది అప్పుడే పోతుంది. నీళ్లు తక్కువ పోస్తే ట్యాంకు నిండదు. వాసనొస్తే బ్లీచింగో ఫినాయిలో పోయండి. స్నానం నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు ఎక్కడ వదిలినా తప్పు లేదు."

అరకు, లంబసింగి వైపు కారవాన్‌లో వెళ్దామనుకుంటున్నవాళ్లు కూడా ఇప్పుడు దీన్నే పట్టుకున్నారు. బస్సులకు, టూరిస్టు బండ్లకు నీళ్ల ట్యాంకులు, పైపులు బిగించే పనిలో ఉన్నవాడిగా ఇది చదివి ఊరుకోలేకపోతున్నాను. ఈ మెసేజ్ నమ్మితే ముందు మీ ప్రయాణం పాడవుతుంది. ఆ తర్వాత మీరు వదిలేసిందాన్ని ఎవరో ఒకరు చేతులతో శుభ్రం చేయాల్సి వస్తుంది.

రెండు బాత్రూములు, రెండింతల రోజులు

అసలు తికమకంతా ఇక్కడే మొదలైంది, కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

ఈ బండ్లలో మామూలుగా మూడు రకాల ట్యాంకులుంటాయి. వాడుకునే మంచినీళ్లకు ఒకటి. టాయిలెట్లో పోయింది నిలవ ఉండే బ్లాక్ ట్యాంకు. షవరు, వాష్ బేసిన్, వంటింటి సింకు నీళ్లు చేరే గ్రే ట్యాంకు. బాత్రూము ఇంకోటి పెరిగినంత మాత్రాన ఇవన్నీ రెట్టింపు కావు. బండి కింద ఉన్న చోటు అంతే, చక్రాలు మోయగలిగిన బరువూ అంతే.

చాలా బండ్లలో వెనక పడకగదిని ఆనుకుని పెద్ద బాత్రూము, మధ్యలో షవరు లేని చిన్న బాత్రూము ఉంటాయి. వెనకదాని కమోడ్ సరిగ్గా ట్యాంకు మీదే కూర్చుంటుంది. కాలితో పెడల్ నొక్కితే అడుగున మూత తెరుచుకుని అంతా నిట్టనిలువు పైపులోంచి ట్యాంకులో పడుతుంది. దీనికి మోటారుతో పనిలేదు. మధ్యలో ఉన్న చిన్న బాత్రూము కింద ట్యాంకు పెట్టే చోటు లేకపోతే అక్కడ మాసరేటర్ టాయిలెట్ బిగిస్తారు. దానిలోపల మిక్సీ జారులో ఉన్నట్టు బ్లేడు ఉంటుంది. బటన్ నొక్కగానే గుర్రుమని తిరిగి అంతా నలగ్గొట్టి, సన్నటి గొట్టం గుండా వెనకున్న ట్యాంకులోకే పంపుతుంది. అంటే కమోడ్లు రెండు, ట్యాంకు ఒక్కటే. ఇద్దరు ఒకేసారి వెళ్లొచ్చు, పొద్దున్నే క్యూ ఉండదు. సౌకర్యం అంతవరకే.

కొన్ని బండ్లలో నిజంగానే రెండు బ్లాక్ ట్యాంకులుంటాయి. అప్పుడు కూడా మెసేజ్‌లో చెప్పిన లెక్క తప్పుతుంది. ఒకదాంట్లోది ఇంకోదాంట్లోకి వెళ్లదు. రాత్రిపూట అందరూ పడకగది పక్కదే వాడితే అది నిండిపోతుంది, రెండోది సగం కూడా కాదు. పైగా రెండింటికీ వేర్వేరు వాల్వులు ఉంటాయి, కొన్నిటిలో అవి బండికి ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి. ఒకటి ఖాళీ చేసి రెండోదాన్ని మర్చిపోయి వచ్చేసేవాళ్లున్నారు.

లెక్క మీరే వేసుకోండి. బ్లాక్ ట్యాంకు 40 గాలన్లు అనుకుందాం, అంటే సుమారు 150 లీటర్లు. అమెరికావాళ్లు కాగితం వాడతారు, మనం నీళ్లు వాడతాం. ఫ్లష్‌కి, కడుక్కోవడానికి కలిపి మనిషికి ఒక్కసారికి రెండున్నర లీటర్లు వేసుకోండి. నలుగురు, రోజుకి ఐదేసి సార్లు వెళ్తే 50 లీటర్లు. మూడో రోజుకి ట్యాంకు నిండింది. బాత్రూములు రెండున్నా నాలుగున్నా ఈ లెక్క మారదు.

అసలు చాలామందికి ముందు నిండేది బ్లాక్ ట్యాంకు కాదు, గ్రే ట్యాంకు. షవరు నిమిషానికి 6 లీటర్లు ఇస్తుందనుకుంటే, నలుగురు ఎనిమిదేసి నిమిషాలు స్నానం చేస్తే 192 లీటర్లు. 60 గాలన్ల గ్రే ట్యాంకంటే 227 లీటర్లు. మొదటి రోజు స్నానాలు, గిన్నెలు అయ్యేసరికే ఆ బండి చేతులెత్తేస్తుంది. ముందు నిండేది ఇదేనని మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు.

మాసరేటర్ గురించి ఇంకో మాట. అది కరెంటుతో నడిచేది. బ్యాటరీ పడుకుంటే ఆ టాయిలెట్ కూడా పడుకుంటుంది. తడి వైప్స్, శానిటరీ ప్యాడ్లు, వెంట్రుకలు పడితే బ్లేడు బిగుసుకుపోతుంది. పిల్లలు ఎక్కువగా వాడేది మధ్యలో ఉన్న ఆ చిన్న బాత్రూమే కాబట్టి బండెక్కగానే వాళ్లకి ఈ విషయం చెప్పాలి.

రైళ్లలో బయో టాయిలెట్ లాంటిదే

కానే కాదు. మన రైల్వే, డీఆర్‌డీవో కలిసి తెచ్చిన బయో టాయిలెట్లో పెట్టె కింద గదులు గదులుగా కట్టిన ట్యాంకు ఉంటుంది. గాలి లేకుండా బతికే బ్యాక్టీరియాని అందులో ముందే పెంచి పెడతారు. అది మలాన్ని నీరుగా, గ్యాసుగా మారుస్తుంది. ఆ నీరు క్లోరిన్ తగిలాక బయటికి పోతుంది. అలా పోతుంది కాబట్టే ఆ ట్యాంకు నిండదు.

మోటార్‌హోమ్ బ్లాక్ ట్యాంకుకు బయటికి పోయే దారి లేదు. అది వట్టి నిలవ డబ్బా. మందు ప్యాకెట్ వేస్తే గట్టిగా ఉన్నది మెత్తబడుతుంది, వాసన తగ్గుతుంది. లోపల పోసిన లీటర్లు మాత్రం ఒక్కటీ తగ్గవు. 150 లీటర్లు పోస్తే 150 లీటర్లూ మీరే ఖాళీ చేయాలి.

వాల్వు తెరిచి ఉంచండి, నీళ్లు తక్కువ పోయండి

ఈ రెండు సలహాలూ కలిసి చేసేంత నష్టం ఇంకేదీ చేయదు.

వాల్వు తెరిచి ఉంటే నీరు ఎప్పటికప్పుడు జారిపోతుంది, గట్టిది అక్కడే ఉండిపోతుంది. కమోడ్ కింద పైపు నిటారుగా ఉంటుందని చెప్పాను కదా, సరిగ్గా దాని కింద గుట్ట లేస్తుంది. రెండు మూడు రోజుల్లో అది ఎండి గట్టిపడుతుంది. ఇంకా పేరుకుంటే పైపు నోటి దాకా వస్తుంది. అప్పుడు పెడల్ నొక్కినా కిందికి దిగదు. నీళ్లు తక్కువ పోసినా జరిగేది ఇదే. ట్యాంకు నిండకుండా కాపాడుకుంటున్నామనుకుని పైపునే మూసేసుకుంటారు.

సరైన పద్ధతి ఇది. బ్లాక్ వాల్వు ఎప్పుడూ మూసే ఉంచాలి. ఖాళీ చేసిన వెంటనే కమోడ్‌లోంచి పది లీటర్ల దాకా నీళ్లు పోసి అడుగు తడిగా ఉంచాలి. ట్యాంకు మూడింట రెండు వంతులు నిండాకే తెరవాలి, అప్పుడే తోసుకుపోయే బలం ఉంటుంది. గ్లౌజులు వేసుకుని, మూడంగుళాల పైపు ఒక కొస బండికి బిగించి, రెండో కొస డంప్ స్టేషన్ (ట్యాంకులు ఖాళీ చేసే చోటు) రంధ్రంలో కదలకుండా పెట్టి, ముందు బ్లాక్ వాల్వు లాగాలి. బండి దగ్గర లోపల కనిపించే పారదర్శకమైన మోచేయి ముక్క ఒకటి తగిలించుకుంటే ప్రవాహం ఎప్పుడు సన్నబడిందో కళ్లతో చూడొచ్చు. రెండు బ్లాక్ ట్యాంకులుంటే రెండూ అయ్యాకే గ్రే వాల్వు తెరవాలి. సబ్బు నీళ్లు చివర్లో వస్తే పైపు దానంతటదే కడుక్కుంటుంది. వరస తిరగేస్తే మురికి పైపునే చుట్టి డిక్కీలో పెట్టుకుంటారు.

ఇంకోటి. క్యాంపులన్నిటిలో పైపు తగిలించే ఏర్పాటు ఉంటుందని మెసేజ్ రాసినాయన అనుకున్నట్టున్నారు. ఎల్లోస్టోన్ పార్కు లోపల అలాంటిది ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్‌వీ పార్కు ఒక్కటే. మిగతా క్యాంపుల్లో దిగితే మీ ట్యాంకు మీతోనే ఉంటుంది.

ట్యాంకు ఎంత నిండిందో చూపే మీటరు బండిలో ప్యానెల్ మీద ఉంటుంది కదా, అది చూస్తే చాలదా అని కొందరు అడిగారు. మామూలు సెన్సర్లు ట్యాంకు గోడలో గుచ్చిన లోహపు మేకుల్లాంటివి. వాటికి కాగితమో జిడ్డో అంటుకుంటే ఖాళీ ట్యాంకు కూడా నిండినట్టే చూపిస్తుంది. పైన చెప్పిన లీటర్ల లెక్క రోజూ వేసుకోండి.

వాసనకు బ్లీచింగ్, ఫినాయిల్

వాసన ఎక్కడినుంచి వస్తోందో చూడకుండా మందు పోయడం దండగ. బ్లాక్ ట్యాంకు గ్యాసు పైకి పోవడానికి కప్పు మీదికి గొట్టం ఉంటుంది. బాత్రూము ఫ్యాను ఆన్‌లో ఉండగా పెడల్ నొక్కితే ఆ ఫ్యాను ట్యాంకులోని గాలిని కమోడ్‌లోంచి లోపలికి లాగేస్తుంది. ముందు ఫ్యాను ఆపి, అప్పుడు నొక్కండి. సగం ఫిర్యాదులు ఇక్కడే తీరిపోతాయి. కమోడ్ అడుగున కొంచెం నీరు ఎప్పుడూ నిలిచి ఉండాలి. నిలవడం లేదంటే రబ్బరు సీలు పోయినట్టు. రెండో బాత్రూము నాలుగు రోజులు వాడకపోతే అక్కడి బేసిన్ కింద వంపు పైపులో నీళ్లు ఎండిపోయి వాసన అక్కడినుంచీ వస్తుంది. ఒక మగ్గు నీళ్లు పోస్తే సరిపోతుంది. మన మే నెల ఎండలో ఇవన్నీ ఇంకా తొందరగా జరుగుతాయి.

బ్లీచింగ్ ఆ రబ్బరు సీళ్లను తినేస్తుంది, మీరే వేసిన ప్యాకెట్లోని బ్యాక్టీరియాని చంపుతుంది. అంతకంటే ముఖ్యంగా, మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే క్లోరమైన్ వాయువు, బాత్రూము యాసిడ్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు పుడతాయి. తలుపులు మూసిన బండిలో పిల్లలు నిద్రపోతుంటారు. దయచేసి ఈ ఒక్క పని మాత్రం ఎవ్వరూ చేయకండి. ఫినాయిల్ వేసిన ట్యాంకుని సెప్టిక్ ట్యాంకులోకి వదిలితే అక్కడ పనిచేసే బ్యాక్టీరియా కూడా చస్తుంది.

స్నానం నీళ్లు ఎక్కడైనా వదలొచ్చు

ఇది రాసింది మన ఊరివాళ్లే అయితే నాకు ఎక్కువ బాధ. గ్రే ట్యాంకులో ఉండేది వట్టి సబ్బు నీళ్లు కాదు. నూనె, అన్నం మెతుకులు, ఒంటి మురికి, పసిపిల్లల్ని కడిగిన నీళ్లు కూడా అందులోకే. ఒక్కరోజు మూసి ఉంచితే బ్లాక్ ట్యాంకుతో పోటీ పడి కంపు కొడుతుంది. అమెరికాలో చాలా చోట్ల దాన్ని నేల మీద వదిలితే జరిమానా వేస్తారు. మన దగ్గర 1974 నీటి కాలుష్య చట్టం 24వ సెక్షన్ ప్రకారం వాగుల్లోకి, బావుల్లోకి మురుగు తెలిసి వదలడం నిషిద్ధం.

చట్టం పక్కన పెట్టి దారి చూడండి. విశాఖ నుంచి అరకు వెళ్లే బండి ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతుంది. ఆ కొండల్లోనే గోస్తనీ పుట్టింది. ఆ నీళ్లు తాటిపూడి రిజర్వాయరులో చేరతాయి, అక్కడినుంచి మన విశాఖ కుళాయిలకు వస్తాయి, మిగిలింది భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఘాట్ రోడ్డు మలుపులో బండి ఆపి వాల్వు లాగితే అది ఎటు పోతుందో ఇంకా చెప్పాలా? రుషికొండలోనూ అంతే. 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రమైన తీరాలకు ఇచ్చే గుర్తింపు) వచ్చిన తీరం అది, ఆ ఇసుకలో మన పిల్లలే ఆడతారు.

మన దగ్గర అమెరికాలోలా అడుగడుగునా డంప్ స్టేషన్లు లేవు. కాబట్టి బయల్దేరకముందే తేల్చుకోవాలి. సరైన సెప్టిక్ ట్యాంకు ఉన్న రిసార్టుతో ముందే మాట్లాడి ఒప్పించుకోవడమో, తిరిగొచ్చాక సెప్టిక్ ట్యాంకు లారీని పిలిపించి శుద్ధి కేంద్రానికి పంపించడమో చేయాలి. ట్యాంకు గడ్డకట్టిపోతే ఎవరినో పిలిచి చేత్తో తీయించాలనుకోవద్దు, మనిషితో మలం ఎత్తించడాన్ని 2013 చట్టం నిషేధించింది.

బండి అద్దెకిచ్చేవాళ్లను రెండు ప్రశ్నలు అడగండి. రెండో టాయిలెట్‌కు సొంత ట్యాంకు ఉందా, మాసరేటరా? ట్యాంకులు ఎక్కడ ఖాళీ చేస్తారు? రెండోదానికి "ఊరి బయట ఎక్కడో వదిలేస్తాం సార్" అని జవాబొస్తే అడ్వాన్సు ఇవ్వకండి.