మూడేళ్లలో ఎం.డివ్.: ఒక విశ్వాస ప్రమాణం

పాస్టర్లను తయారుచేసే కళాశాల, అంటే సెమినరీలో, ఎం.డివ్. (మాస్టర్ ఆఫ్ డివినిటీ) మూడేళ్ల కోర్సు అని ప్రాస్పెక్టస్‌లో ఉంటుంది. దాన్ని అబద్ధం అనడం పాపం. అది విశ్వాసంతో చదవాల్సిన వాక్యం.

అయినా అల్పవిశ్వాసులు లెక్కలడుగుతారు కనుక చెబుతున్నా. అమెరికా, కెనడాల్లో సెమినరీలకు గుర్తింపునిచ్చే సంస్థ ఎం.డివ్.కి కనీసం 72 సెమిస్టర్ క్రెడిట్లు ఉండాలంటుంది. సెమిస్టర్‌కు 12 చొప్పున చదివితే ఆరు సెమిస్టర్లు, అంటే సరిగ్గా మూడేళ్లు. మసాచుసెట్స్‌లో 1807లో ఆండోవర్ సెమినరీ పెట్టినప్పటి నుంచీ ఈ మూడేళ్ల మాటే నడుస్తోంది. ఈ లెక్కలోని విద్యార్థికి పెళ్లాం బిడ్డలు లేరు, ఉద్యోగం లేదు, అద్దె కట్టే పని లేదు, నిద్ర అసలే రాదు. ఆయన్ను కళ్లారా చూసినవాళ్లెవరూ లేరు. అయినా ఉన్నాడని నమ్ముతున్నాం.

కళ్లకు కనిపించే విద్యార్థి వేరు. పగలు ఉద్యోగం, శని ఆదివారాలు చర్చి సంఘంలో పార్ట్‌టైమ్ పరిచర్య. పార్ట్‌టైమ్ అనేది జీతానికి మాత్రమే. ఈయన సెమిస్టర్‌కు మూడేసి క్రెడిట్ల సబ్జెక్టులు రెండు తీసుకుంటే ఆరేళ్లు, ఒక్కటే తీసుకుంటే పన్నెండేళ్లు. కానీ పన్నెండేళ్లు కుదరదు. చాలా సెమినరీల్లో డిగ్రీకి గడువుంటుంది, అది దాటితే పాత క్రెడిట్లు మురిగిపోతాయి. మోషే కాలం నాటి ధర్మశాస్త్రం ఇంకా చెల్లుతుంది, దాన్ని చదవడానికి నేర్చుకున్న హీబ్రూ మాత్రం చెల్లదు.

ఆ హీబ్రూ ఎలా వచ్చిందో కూడా చూడండి. పొద్దున్నే రైల్లో కార్డులు తిప్పుతూ 'చంపెను, చంపితివి, చంపితిని' అని గొణుక్కుంటాడు. పక్క సీటు ఖాళీ అవుతుంది. వ్యాకరణ పుస్తకాలు క్రియారూపాలు నేర్పడానికి సంప్రదాయంగా ఎంచుకున్న ధాతువు అదే మరి, ఆయనేం చేస్తాడు? హీబ్రూ అయ్యేసరికి గ్రీకు కాచుకుని ఉంటుంది.

ఆ పైన ఆసుపత్రిలో రోగుల పక్కన కూర్చునే శిక్షణ, ఒక్కో యూనిట్‌కు 400 గంటలు. దీని జోలికి మాత్రం నేను వెళ్లను. మొత్తం చదువులో గంటలు లెక్కపెట్టకుండా చేయాల్సిన పని ఇదొక్కటే.

యేసు దగ్గర పేతురు కూడా మూడేళ్లేగా శిష్యరికం చేశాడు అంటారు కొందరు. నిజమే. కానీ ఆయన ఇప్పుడు దరఖాస్తు పెడితే డిగ్రీ లేదని గేటు దగ్గరే ఆపేస్తారు. పొరపాటున సీటిచ్చినా, ఫీల్డ్ ఎడ్యుకేషన్ (సంఘంలో చేసే పని శిక్షణ) రిపోర్టులో 'గురువు ఎవరో తెలియదని మూడుసార్లు చెప్పాడు' అని రాసి ఉంటే ఏ కమిటీ పాస్ చేస్తుంది? ఇక పంతొమ్మిదో శతాబ్దంలో లండన్‌లో వేల మందిని కూర్చోబెట్టి ప్రసంగించిన పాస్టర్ స్పర్జన్ ఏ సెమినరీ గడపా తొక్కలేదు. పాస్టర్ల కోసం కాలేజీ మాత్రం తానే పెట్టాడు. తెలివైనవాడు.

అంత సాగే చదువుకు 'ఆరేళ్లు' అనే అచ్చు వేయొచ్చు కదా అని అడగొచ్చు. వేయొచ్చు. వేస్తే ప్రాస్పెక్టస్ నిజం చెబుతుంది, క్లాసులో ప్రొఫెసర్ ఒక్కడే మిగులుతాడు. సంఘానికి మాత్రం పాస్టర్ కావాలి, అదీ బాగా చదువుకున్నవాడే కావాలి, వచ్చే ఆదివారానికే కావాలి. ఆ చదువుకు పట్టే కాలం, ఫీజు ఆయన సొంత వ్యవహారం.

ఎం.డివ్. చేతికొచ్చాక టి.హెచ్.ఎం. (మాస్టర్ ఆఫ్ థియాలజీ) అని ఇంకో ఏడాది ఉంది. ఆ తర్వాత పి.హెచ్.డి. బైబిల్లో యాకోబు రాహేలును పెళ్లాడడం కోసం ఆమె తండ్రి లాబాను దగ్గర ఏడేళ్లు చాకిరీ చేస్తే, తెల్లారి చూసుకునేసరికి పక్కన ఆమె అక్క లేయా ఉంది. పి.హెచ్.డి. పట్టా పుచ్చుకుని కొలువు కోసం వెతికేవాళ్లకు ఈ కథ విడమర్చి చెప్పక్కర్లేదు. లాబాను కనీసం ఇంకో ఏడేళ్ల చాకిరీకి రాహేలును ఖాయం చేశాడు. ఇక్కడ కాంట్రాక్టు సెమిస్టర్‌కు ఒకటి.