కౌంటింగ్ అయ్యాక ఇస్తాం అక్కా

ఓటు అడగడానికి వచ్చిన మనిషికి నా కుట్టు మిషనుతో పనేమిటండీ? దండం పెట్టండి, కరపత్రం ఇవ్వండి, మీ గుర్తు చెప్పండి, వెళ్లండి. ఇంటింటి ప్రచారం అంటే అంతే కదా. 2024 ఎన్నికల ప్రచారమని ఈ ఉదయం శ్రీకాకుళంలో మా వీధిలోకి దిగిన అభ్యర్థిగారికి అది చాలలేదు. మా ముందు గదిలో మిషను కనపడగానే ఆయన వెనక ఉన్న కెమెరా కుర్రవాడికి ప్రాణం లేచివచ్చింది. "సార్, ఒక్క నిమిషం కుట్టండి సార్, చాలా బాగుంటుంది" అన్నాడు. నన్ను ఎవరూ అడగలేదు. ఇంటికొచ్చిన పెద్దమనిషి కదా అని మర్యాదకు లేచి నిలబడ్డాను. ఆ మర్యాదే నా కొంప ముంచింది. కుర్చీ ఖాళీ అయింది, ఆయన కూర్చున్నారు.

సూది కింద పట్టు జాకెట్టు ఉంది. అమ్మవారి సంబరాలకు వేసుకోవాలని వెనక వీధి ఆవిడ ఇచ్చింది. చెయ్యి అంచు సగం కుట్టి ఉంది. ఆయన రెండు కాళ్లూ పెట్టి బలంగా ఎదురు తొక్కారు. మిషను తెలిసినవాళ్లకు మిగతా కథ చెప్పనక్కరలేదు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, చక్రం వెనక్కి తిరిగితే పై దారం వెళ్లి బాబిన్ దగ్గర ముద్ద కడుతుంది, గుడ్డను లోపలికి లాగేస్తుంది. అది ఎందుకు కదలడం లేదో చూద్దామని ఆయన జాకెట్టును చేత్తో ఒక్క గుంజు గుంజారు. సూది విరిగింది. పట్టుకు చిల్లు పడింది. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. ఎందుకు కొట్టారో వాళ్లకే తెలియాలి.

"అలవాటు లేదమ్మా" అని నవ్వుతూ లేచారు. ఆ సంగతి మాకు ముందే తెలుసు సార్, ప్రత్యేకంగా నిరూపించనక్కరలేదు.

గంట తిరక్కుండా ఫోటో ఫోనులోకి వచ్చేసింది. "చేతివృత్తులవారి కష్టసుఖాలు స్వయంగా తెలుసుకుంటున్న మన నాయకుడు." కష్టసుఖాలట! ఫోటోలో నేను లేను. నా మోచెయ్యి ఉంది, ఒక పక్కగా. దాన్ని కూడా కత్తిరించి ఉంటే ఇంకా శుభ్రంగా ఉండేది.

ఈ ఎండల్లో మన జిల్లాలో అభ్యర్థులు చేయని పని లేదు. దోసెలు వేశారు, చొక్కాలు ఇస్త్రీ చేశారు, గడ్డాలు గీశారు, చెరకు రసం మిషను తిప్పారు. ఏ ఒక్కరైనా ఏ ఒక్క పనైనా చివరిదాకా చేశారా? ఆ మాడిన దోసె ఎవరు తిన్నారో ఎవరైనా అడిగారా? ఇస్త్రీ బండి అతను ఆ చొక్కాను మళ్లీ మొదటినుంచి చేసుకున్నాడు, బొగ్గు ఖర్చు అతనిదే. పలాస వైపు వెళితే జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల పక్కన కూర్చుంటారు. జీడి నూనె తగిలి తగిలి ఆ వేళ్ల మీద చర్మం ఎలా ఊడిపోయి నల్లబడుతుందో ఫోటోలో పడదు, ఆయన చేతిలో పప్పు మాత్రం పడుతుంది. కొబ్బరి తోటల ఉద్దానం వెళితే చేతిలో కొబ్బరిబొండాం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ తోటలను వేళ్లతో సహా పెకిలించి పోయింది. కొబ్బరి చెట్టంటే మళ్లీ నాటితే కాపుకు ఏళ్లు పడుతుంది. కాపు వచ్చిన చెట్టు నుంచి కాయ దింపి ఊరికే ఇచ్చేస్తారు ఆ జనం, అంత మంచివాళ్లు. తాగేసి మూతి తుడుచుకుని కారెక్కుతారు వీళ్లు. అంత పని చేయాలని సరదాగా ఉంటే మా వీధి మురుగు కాలువలో పూడిక తీయండి, చీపురూ పారా నేనే ఇస్తాను. అక్కడ కెమెరా కుర్రవాడు ముక్కు మూసుకోవాలి కాబట్టి ఆ ఫోటో రాదు.

అసలు మంట అది కాదు. వచ్చిన గుంపులో జాబితా పట్టుకున్న మనిషి గుమ్మంలో నిలబడి నా తల మీదుగా ఇంట్లోకి తొంగి చూస్తూ అడిగిన మొదటి మాట, "మగవాళ్లెవరూ లేరా అమ్మా?"

లేరు బాబూ. మా ఆయన పైడిభీమవరంలో మందుల కంపెనీకి షిఫ్టుకు వెళ్లారు. నేను ఉన్నాను. ఐదడుగుల మనిషిని, మెడలో టేపు వేసుకుని ఎదురుగా నిలబడ్డాను. నాకూ ఓటు ఉంది. రాష్ట్రంలో ఉన్న 4.14 కోట్ల ఓటర్లలో మగవాళ్లకన్నా ఆడవాళ్లమే ఎక్కువని పేపర్లన్నీ రాశాయి. సభలకు కుర్చీలు నింపాలంటే మేం కావాలి, హారతి పళ్లేలు పట్టుకుని ఎండలో నిలబడాలంటే మేం కావాలి, పొదుపు సంఘాల పేరు చెప్పి ఆటోల్లో ఎక్కించాలంటే మేం కావాలి. మాట్లాడాల్సి వస్తే మాత్రం మగవాళ్లు కావాలి. "సాయంత్రం వస్తాంలే, సార్‌తో మాట్లాడతాం" అన్నాడు. ఏం మాట్లాడతారు? ఆయన ఓటు ఎవరికో ఆయన నాకే చెప్పరు, మీకు చెబుతారా?

తర్వాత జాబితాలో వేలు పెట్టి, "మీ అబ్బాయి హైదరాబాదులో ఉన్నాడు కదా, నంబరు ఇవ్వండి, బస్సు మేం చూసుకుంటాం" అన్నాడు. మా అబ్బాయి ఎక్కడ ఉన్నాడో ఈయనకు ఎవరు చెప్పారు? గ్యాసు బుకింగుకు నంబరు మార్చమంటే నా పేరే దొరకదు, వీళ్ల జాబితాలో నా కొడుకు అద్దె గది కూడా ఉంటుందేమో. పోలింగు మే 13న, సోమవారం. ముందు రెండో శనివారం, ఆదివారం. ప్రైవేటు బస్సులవాళ్లకు ఇంతకన్నా పెద్ద పండుగ లేదు, టిక్కెట్టు ధర చూస్తే కళ్లు తిరుగుతున్నాయి. రైల్లో రమ్మందామంటే దిగాల్సింది ఆమదాలవలసలో. జిల్లా కేంద్రమై ఉండి ఊళ్లో రైల్వే స్టేషను లేదు మనకు, స్టేషను పేరు మాత్రం శ్రీకాకుళం రోడ్డు. రోడ్డు ఉంది, ఊరు లేదు. జిల్లా ఏర్పడింది 1950లో. సరే, ఆ గొడవ ఇప్పుడు ఎత్తితే తెల్లవారుతుంది.

నేనడిగేది ఒక్కటే. ఓటు వేయడానికి వచ్చే కుర్రవాడికి బస్సు చూసే చేతులు, అదే కుర్రవాడికి ఇక్కడ ఒక ఉద్యోగం చూడలేకపోయాయా? ఆమదాలవలస చక్కెర ఫ్యాక్టరీ తెరిపిస్తాం అన్న మాట ఎన్ని ఎన్నికలుగా వింటున్నామో. చెరకు వేసిన ముసలివాళ్లు పోయారు, మాట మాత్రం చిరంజీవి.

ఇంకా పెన్షన్ల సంగతి. ఈ రెండు నెలలూ మా ఎదురింటి మామ్మ పడ్డ అవస్థ చూస్తే ఏ పార్టీ వాళ్లైనా సిగ్గుపడాలి. వాలంటీర్లు ఇంటికి తెచ్చి ఇచ్చే పెన్షను ఏప్రిల్లో ఇంటికి రాదన్నారు, వార్డు సచివాలయానికి రమ్మన్నారు. మే నెలలో బ్యాంకులో వేశామన్నారు. మామ్మకు బ్యాంకు ఖాతా ఎప్పుడు తెరిచారో గుర్తులేదు, పుస్తకం ఏ ట్రంకు పెట్టెలో ఉందో తెలియదు. ఆ ఎండలో మూడు వేల రూపాయల కోసం చీర కొంగు తడిపి తల మీద వేసుకుని నిలబడింది. వాలంటీర్ల మీద వాళ్లు ఫిర్యాదు చేయబట్టే ఇలా అయిందని వీళ్లు, వీళ్లు కావాలనే తిప్పారని వాళ్లు. రెండు మైకులూ మా వీధిలోనే అరిచాయి, మామ్మ గుమ్మం ముందే. ఒక్కడైనా మైకు ఆపి, "మామ్మా, బండి ఎక్కు, నేను దింపుతాను" అన్నాడా? మళ్లీ కరపత్రం మీద అందరూ మనవలే.

అసలు విషయం రాయకుండా చుట్టూ తిరుగుతున్నాను కదూ. రాస్తాను. ఆ జాబితా పట్టుకున్న మనిషి, "మగవాళ్లెవరూ లేరా" అన్నవాడు, నాకు బాగా తెలుసు. 2019లో ఇదే గుమ్మంలో, ఇదే నవ్వుతో, "అక్కా, అర్జెంటు" అంటూ నిలబడ్డాడు. అప్పుడు మెడలో ఒక రంగు కండువా. ఇప్పుడు ఇంకో రంగు. ఏ రంగు నుంచి ఏ రంగుకు వెళ్లాడో చెప్పను, చెబితే కింద కామెంట్లలో మీరు మీరు కొట్టుకుని నా గొడవ మరిచిపోతారు.

మూడు వేల కండువాలు. గుడ్డ సూరత్ నుంచి తాన్ల లెక్కన వచ్చింది, జారిపోయే పాలిస్టరు, చేతిలో నిలవదు. ముక్కలు కోసి రెండు చివర్లా మడిచి కుట్టాలి. ముక్కకు రెండు రూపాయలు. ఆ ఏడాది పోలింగు ఏప్రిల్ 11న. పెళ్లి జాకెట్లు పక్కన పెట్టి మరీ పట్టుకున్నాను, పక్కింటి ఇద్దరు పిల్లల్ని సాయం పెట్టుకున్నాను. రాత్రి కరెంటు పోతే దీపం పెట్టుకుని కుట్టాం. వెయ్యి రూపాయలు ముందు ఇచ్చాడు. మిగతా ఐదు వేలు? "కౌంటింగ్ అయ్యాక ఇస్తాం అక్కా." కౌంటింగ్ మే 23న అయింది. వీళ్లకు ఆ జవాబు ఎలాగైనా పనికొస్తుంది, గెలిస్తే "ఇప్పుడు ఊపిరి తీసుకునే తీరిక లేదక్కా", ఓడితే "నిండా మునిగిపోయాం అక్కా". నాకు రెండింటిలో ఏది చెప్పాడో మీరే అనుకోండి. ఆ పిల్లలిద్దరికీ కూలి నా చేతి నుంచి ఇచ్చాను. మూడు వేలమంది మెడల్లో నా కుట్టు ఊరేగింది, నాకు మాత్రం దారం డబ్బులు కూడా రాలేదు.

ఇక్కడ ఇంకో తమాషా ఉంది. ఎమ్మెల్యే అభ్యర్థి ఖర్చుకు ఎన్నికల సంఘం పరిమితి పెడుతుంది. టీ కప్పు దగ్గర నుంచి కుర్చీ అద్దె దాకా ధరల పట్టిక వేసి లెక్క రాయాలట, కండువాలు కూడా అందులోనే. 2019లో ఆ పరిమితి 28 లక్షలు. ఈ 2024లో 40 లక్షలు. పన్నెండు లక్షలు పెరిగింది కదా, అందులో నా ఐదు వేలకు చోటు లేదా? పైగా ఆ రోజు లెక్కలో నా కుట్టుకూలి రాసే ఉంటారు. ఎవరికి ఇచ్చినట్టు రాశారు? ఎవరు సంతకం పెట్టారు? ఎదురింటి కుర్రవాడు ఎన్నికల సంఘం వాళ్ల సీ విజిల్ యాప్‌లో ఫిర్యాదు పెట్టమంటున్నాడు, వంద నిమిషాల్లో చర్య తీసుకుంటారట. ఐదేళ్ల నాటి బాకీకి ఆ యాప్‌లో ఎక్కడ నొక్కాలి నాయనా?

ఇంకొకటి. ఇవాళ ఆ అభ్యర్థిగారు వేసుకున్న చొక్కా పొందూరు ఖద్దరు. గుడ్డ చూస్తే నేను చెప్పగలను, నా పని అది. మన జిల్లా గుడ్డే. పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, ఏకి, వెంట్రుకంత సన్నటి నూలు వడికేది ఎవరనుకున్నారు? ఆడవాళ్లే, అందులోనూ చాలామంది పెద్దవయసువాళ్లు. చూపు తగ్గిపోయేదాకా వడికితే వచ్చే కూలి ఎంతో అక్కడికి వెళ్లి అడగండి, మీరే తలదించుకుంటారు. ఆ చొక్కా ఢిల్లీ దాకా వెళుతుంది. దాని మీద సూరత్ పాలిస్టరు కండువా, దాని చివర నాలాంటిదాని కుట్టు. ఒంటి నిండా ఆడవాళ్ల కష్టం కట్టుకుని వచ్చి "మగవాళ్లెవరూ లేరా" అని అడుగుతారు!

నేను గట్టిగా అడిగేశాను లెండి. ఊరుకోలేదు. అభ్యర్థిగారు ఎదురింటి గుమ్మంలో మామ్మ కాళ్లకు దండం పెడుతుండగా ఆ మనిషిని పక్కకు పిలిచి, "పాత బాకీ ఏమైంది?" అన్నాను. ఒక్క క్షణం గుర్తుపట్టనట్టు చూశాడు. తర్వాత, "అది ఆ పార్టీ లెక్క అక్కా, ఇప్పుడు నేను ఇటు కదా" అన్నాడు. ఎంత తేలికగా అన్నాడో! కండువా మార్చితే అప్పు కూడా మాఫీ. ఈ ఉపాయం మన రైతులకు తెలియక బ్యాంకుల చుట్టూ తిరుగుతున్నారు.

వీధిలో ఉన్న మాస్టారు, రిటైరైన పెద్దాయన, సాయంత్రం వచ్చి నాకే నచ్చచెప్పారు. "ఎందుకమ్మా గొడవ, రేపు గెలిస్తే వాళ్లతోనే పని పడుతుంది." ఏం పని పడుతుంది మాస్టారూ? కుళాయికి దరఖాస్తు పెట్టి ఉంచాం, కాలువకు పెట్టి ఉంచాం. ఏ పని అయిందని భయపడమంటారు? మీరు నలభై ఏళ్లు పిల్లలకు ప్రశ్నలు అడగమని చెప్పి, ఇప్పుడు నన్ను అడగవద్దంటున్నారు. మీరంటే గౌరవం ఉంది, అందుకే మీ ముందు కాఫీ పెట్టి మాట్లాడకుండా ఊరుకున్నాను. ఇక్కడ చదువుతారని తెలిసే రాస్తున్నాను.

ఇక వీధిలో మిగతావాళ్ల బెంగ ఏమిటో తెలుసా? నేను నోరు పారేసుకోబట్టి మా వీధికి ఓటు డబ్బుల కవర్లు రావేమోనని. సంతోషం. నిన్నటిదాకా నా ముందు నీతులు చెప్పినవాళ్లే ఇవాళ "ఓ రెండు రోజులు ఊరుకోకూడదా" అంటున్నారు. పట్టు జాకెట్టు చిల్లుకు మాత్రం ఎవరూ జాలిపడలేదు. ఆ ఆవిడకు జాకెట్టు గుడ్డ నేనే కొనివ్వాలి, చీర రంగుకు సరిపోయేది దొరకాలి, సంబరాలలోపు కుట్టాలి. అసలే ఈ ఏడాది ఏప్రిల్ చివర్లోనే మూఢం మొదలైంది, పెళ్లిళ్లు లేవు, పెళ్లి జాకెట్లు లేవు. ఏడాదిలో నాలుగు రూకలు కనపడే నెలలు ఇవే, అవీ పోయాయి.

కాబట్టి అందరికీ ఒకటే మనవి. ఇన్‌బాక్సులోకి వచ్చి "ఇంతకీ మీరు ఎవరికి వేస్తారు మేడమ్" అని అడగవద్దు. పోలింగు బూత్‌లోకి మీరు రారు, నేను చెప్పను. కండువాల పని ఇప్పటికీ తీసుకుంటున్నాను, ఏ పార్టీ అయినా, ఏ రంగు అయినా. ముక్కకు మూడు రూపాయలు, గుడ్డ మీదే, దారం నాది. మొత్తం డబ్బు ముందు ఇవ్వాలి. జూన్ 4న కౌంటింగ్ అయ్యాక చూద్దాం అనేవాళ్లు వేరే షాపు చూసుకోండి. ఫాల్స్, పీకో పని ఎప్పటిలాగే ఉంది, ఆడవాళ్లు తెచ్చి ఇవ్వవచ్చు, ఇంట్లో మగవాళ్లు లేకపోయినా సరే.