ఆదోని ఎంపీ సీటు పోయింది 1967లో, నష్టం తెలిసింది 2022లో

ఆదోని ఒకప్పుడు లోక్‌సభ నియోజకవర్గమని చెబితే ఈ తరం నమ్మదు. 1953 దాకా ఆదోని, ఆలూరు బళ్లారి జిల్లాలో ఉండేవి. ఆంధ్ర రాష్ట్రంతో పాటే కర్నూలు జిల్లాలోకి వచ్చాయి. 1957లో ఆదోనికి ఎంపీ సీటు దక్కింది. అప్పుడూ 1962లోనూ గెలిచింది కాంగ్రెస్ అభ్యర్థి పెండేకంటి వెంకటసుబ్బయ్యే. 1967 ఎన్నికల నాటికి హద్దులు మారి ఆ పేరే లేకుండా పోయింది, నంద్యాల సీటు వచ్చింది.

పెండేకంటికి దీనివల్ల పోయిందేమీ లేదు. సంజామల మనిషి, నంద్యాల ఆయన సొంత గడ్డే. అక్కడి నుంచీ గెలిచారు, కేంద్రంలో మంత్రిగా చేశారు, గవర్నరూ అయ్యారు. (1989లో బొమ్మై ప్రభుత్వం బర్తరఫ్ కావడానికి నివేదిక పంపిన కర్ణాటక గవర్నర్ ఈయనే.) నంద్యాలకైతే దశ తిరిగింది. 1977లో రాష్ట్రంలోని 42 సీట్లలో 41 కాంగ్రెస్ ఊడ్చేస్తే, నంద్యాల ఒక్కటే జనతా పార్టీ తరఫున నీలం సంజీవరెడ్డిని గెలిపించింది. అదే ఏడాది ఆయన రాష్ట్రపతి అయ్యారు. 1991 ఉప ఎన్నికలో ప్రధాని పీవీని ఐదు లక్షల పైచిలుకు మెజారిటీతో పంపిందీ నంద్యాలే. తెలుగువాడని ఎన్టీఆర్ పోటీ కూడా పెట్టలేదు.

ఈ హోదాలన్నీ పాత ముచ్చట్లే అనుకోవచ్చు. అసలు దెబ్బ 2022 ఏప్రిల్‌లో తగిలింది. లోక్‌సభ సీటుకో జిల్లా అన్నారు, అరకును మాత్రం రెండు చేశారు. నంద్యాల జిల్లా అయింది, ఆదోని కర్నూలులోనే మిగిలింది. సీటు ఉండి ఉంటే జిల్లా దానంతటదే వచ్చేది. హిందూపురం సంగతేమిటి, సీటున్నా కలెక్టరేట్ పుట్టపర్తికి పోయింది కదా అని ఎవరైనా అడగొచ్చు. నిజమే. ఆదోనికి కాక ఎమ్మిగనూరుకు పోయినా కర్నూలు కంటే దగ్గరేగా!

ఆదోని నుంచి కర్నూలుకు వంద కిలోమీటర్లు. కోసిగి నుంచి కలెక్టరాఫీసులో సోమవారం అర్జీ ఇవ్వాలంటే ఆ రోజు కూలి పోయినట్టే. ఈ పల్లెలు సుగ్గి పల్లెలు, అంటే కూలి కోసం వలసపోయే పల్లెలు. పంట చేతికి రాని ఏడాది ఇళ్లకు తాళాలేసి పిల్లాజెల్లాతో గుంటూరు మిరప చేలకు పోతారు. ఆదోని పత్తి మార్కెట్ ఎంత పెద్దదైనా, 'రెండో ముంబై' అని ఎంత పేరున్నా ఆ వలస ఆగలేదు. ఎల్లెల్సీ (తుంగభద్ర దిగువ కాలువ) చివరి పొలాలకు నీళ్లు అందడమే గగనం.

విచిత్రమేమిటంటే కర్నూలు లోక్‌సభ సీటులోని ఏడు అసెంబ్లీ నియోజకవర్గాల్లో ఆదోని, ఆలూరు, ఎమ్మిగనూరు, మంత్రాలయం నాలుగూ పడమటివే. ఎంపీని గెలిపించే బలం ఇక్కడే ఉంది, పేరూ ఆఫీసులూ మాత్రం తూర్పు కొసన. నాయకులు ఓట్లకు వచ్చినప్పుడు ఈ లెక్క వాళ్లకు బాగానే గుర్తుంటుంది.

జిల్లా కోసం ఆదోనిలో దీక్షలు, బంద్‌లు చూస్తూనే ఉన్నాం. న్యాయమైన కోరికే. కానీ అడగాల్సింది అదొక్కటే కాదు. 2026 తర్వాతి జనగణనతో లోక్‌సభ సీట్ల పునర్విభజనకు దారి తెరుచుకుంటుంది. ముసాయిదా ప్రకటించాక డీలిమిటేషన్ కమిషన్ అభ్యంతరాలు తీసుకుంటుంది, బహిరంగ విచారణలు పెడుతుంది. అప్పటికి అర్జీ సిద్ధంగా ఉండాలి, అందులో జిల్లాకు ముందు ఎంపీ సీటు అడగాలి.