టొటొరో మృత్యుదేవత కాదు: చేతులు మారుతున్న ఒక కథనానికి ఖండన

హయావో మియాజాకి దర్శకత్వంలో ఘిబ్లి స్టూడియో తీసిన ‘మై నైబర్ టొటొరో’ 1988 ఏప్రిల్‌లో జపాన్‌లో విడుదలైంది. తల్లి ఆసుపత్రిలో ఉండగా ఇద్దరు అక్కచెల్లెళ్లు తండ్రితో పల్లెకు మకాం మార్చడం, ఇంటి వెనుక కర్పూర వృక్షంలో నివసించే టొటొరో అనే వనజీవితో స్నేహం చేయడం, స్థూలంగా అందులోని కథ ఇంతే. ఈ సినిమా గురించి ఏళ్ల తరబడి ఒక కథనం తిరుగుతోంది. టొటొరో మృత్యుదేవత అనీ, చావుకు దగ్గరైనవాళ్లకే అతడు కనిపిస్తాడనీ, చిన్నపిల్ల మేయి చెరువులో మునిగి చనిపోయిందనీ, అక్క సత్సుకి ఆమెను వెతుక్కుంటూ పరలోకానికి వెళ్లిందనీ, దీని వెనుక 1963లో సయామాలో జరిగిన ఒక హత్యోదంతం ఉందనీ, పెద్దవాళ్లు ఈ సినిమా చూసి కళ్లు తుడుచుకోవడానికి అసలు కారణం ఈ దాచిపెట్టిన చావేననీ ఆ కథనం సారాంశం. ఇందులో ఒక్క ముక్క కూడా సినిమాకు నిలవదు. చివరి మాట మాత్రం ఒక నిజమైన ప్రశ్నకు తప్పుడు జవాబు కాబట్టి దాని గురించి కొంచెం ఎక్కువ మాట్లాడుకోవాలి.

ముందు చెరువు సంగతి చూద్దాం. మేయి తప్పిపోయినప్పుడు ఊరివాళ్లు చెరువులో గడలు వేసి వెతుకుతారు, పొరుగింటి అవ్వ నీళ్లలో దొరికిన చిన్న చెప్పును చేతుల్లో పట్టుకుని ప్రార్థిస్తూ ఉంటుంది. సత్సుకి పరుగున వచ్చి, ఆ చెప్పు చూసి, అది మేయిది కాదని చెబుతుంది. అవ్వ ఒక్కసారిగా కుదుటపడుతుంది. చెల్లెలి చెప్పును రోజూ చూసే అక్క ఇచ్చిన సాక్ష్యం ఇది. కథనాన్ని నమ్మేవారు సత్సుకి అబద్ధమాడిందంటారు. అబద్ధమైతే మరుక్షణం అదే పిల్ల చెల్లెలి కోసం మళ్లీ ఎందుకు పరిగెత్తుతుందో, టొటొరో దగ్గరికి వెళ్లి సాయం చేయమని ఎందుకు ఏడుస్తుందో వాళ్లు చెప్పరు.

రెండోది నీడల వాదన. సినిమా చివర్లో పిల్లలకు నీడలు లేవు కాబట్టి వాళ్లు దయ్యాలయ్యారట. సెల్ యానిమేషన్‌లో నేపథ్యాన్ని ఒక చిత్రకారుడు కాగితంపై చిత్రిస్తాడు, పాత్రలను పారదర్శకమైన షీట్లపై వేరుగా గీసి రంగులద్దుతారు, నేల మీద పడే నీడ కావాలంటే ఆ నీడను కూడా బొమ్మ బొమ్మకూ విడిగా వేయాలి. సూర్యుడు దిగిపోయిన మసక వెలుతురులో నీడ వేయకపోవడం శ్రమ తగ్గించుకునే పద్ధతే తప్ప సంకేతం కాదు. స్టూడియో కూడా 2007లో బహిరంగంగా ఇదే మాట చెప్పింది: టొటొరో మృత్యుదేవత అన్న ఊహకూ, మేయి చనిపోయిందన్న ఊహకూ సినిమాలో ఎలాంటి ఆధారమూ లేదు, చివర్లో నీడలు లేకపోవడం చిత్రణలో అవసరం లేదనుకుని వదిలేయడం వల్లనే.

మేయి దారి తప్పి కూర్చున్న చోట వరుసగా జిజో విగ్రహాలు ఉండటాన్ని మరో రుజువుగా చూపుతారు. జిజో చనిపోయిన పిల్లలను కాచే బోధిసత్వుడన్నది నిజమే, కాని బాటసారులనూ, బతికున్న పిల్లలనూ కాచేవాడు కూడా ఆయనే. జపాన్ పల్లెల్లో దారి మలుపుల్లో ఆ విగ్రహాలు సర్వసాధారణం. మన ఊరి పొలిమేరలో పోలేరమ్మ గుడి దగ్గర ఒక పిల్ల కూర్చుని ఏడిస్తే, ఆ పిల్ల పోయిందని ఎవరూ అనుకోరు కదా. సత్సుకిని చెల్లెలి దగ్గరికి తీసుకెళ్లే పిల్లి ఆకారపు బస్సు నుదుటి మీద మారే ఊళ్ల పేర్లలో ‘శ్మశానపు దారి’ అనే అర్థం వచ్చే పేరొకటి ఉందని పట్టుకుంటారు గాని, ఆ వరుసలో చివరికి వచ్చి నిలిచే పేరు ‘మేయి’ అన్నది మరచిపోతారు. ఆ బస్సు పోతున్నది పిల్ల ఉన్న చోటికి.

సయామా హత్యతో ముడిపెట్టడం వీటన్నిటికంటే అన్యాయం. 1963 మే నెలలో సయితామా ప్రాంతంలోని సయామాలో పదహారేళ్ల హైస్కూలు విద్యార్థిని హత్యకు గురైంది. ఆ కేసులో శిక్షపడిన వ్యక్తి తాను నిర్దోషినంటూ దశాబ్దాల పాటు పునర్విచారణ కోసం పోరాడారు. అంత బరువైన వ్యవహారం అది. సినిమా కథ 1950లలో నడుస్తుంది, అంటే ఆ హత్యకు ముందే. తప్పిపోయిన మేయికి నాలుగేళ్లు. సయామా పేరు వినిపించడానికి కారణం కూడా మామూలుదే: మియాజాకి నివసించేది సయామా కొండలకు ఆనుకున్న టొకొరోజావాలో, ఆ ప్రాంతపు తేయాకు సయామా టీగా ప్రసిద్ధం. ఇక సత్సుకి అంటే పాత జపాను లెక్కలో ఐదో నెల, మేయి అంటే ఇంగ్లీషు మే నెల, హత్య జరిగింది మేలోనే అనే లంకె ఒకటుంది. మొదట ఈ కథలో ఒకే అమ్మాయి ఉండేది, తరువాత ఆమెను ఇద్దరిగా విడదీశారు, పేరు కూడా రెండు ముక్కలైంది. బస్టాపులో టొటొరో పక్కన ఒంటరిగా నిలబడ్డ అమ్మాయి ఉన్న సినిమా పోస్టరును చూసినవారికి ఈ సంగతి తెలిసిపోతుంది: ఆ అమ్మాయి సత్సుకీ కాదు, మేయీ కాదు, ఇద్దరి పోలికలూ ఉన్న ఒక్కతే.

చివరి దృశ్యం గురించిన వాదనకు కొంత బలం ఉన్నట్లు కనిపిస్తుంది. అక్కచెల్లెళ్లు ఆసుపత్రి దాకా వచ్చి, చెట్టు కొమ్మ మీద కూర్చుని కిటికీలోంచి తల్లిదండ్రులను చూస్తారే గాని లోపలికి వెళ్లరు. బతికుంటే వెళ్లరా అని అడుగుతారు. వాళ్లు ఎందుకు వచ్చారో గుర్తు చేసుకుంటే ఈ ప్రశ్న ఉండదు. అమ్మ చనిపోతుందేమోనని వచ్చారు. అమ్మ నాన్నతో మాట్లాడుతూ నవ్వుతోంది. వాళ్లకు కావలసింది దొరికింది. కిటికీ అంచు మీద వదిలి వెళ్లిన మొక్కజొన్న పొత్తు ఆకు మీద ‘అమ్మకు’ అని గీసి ఉంటుంది, తండ్రి దాన్ని చేతిలోకి తీసుకుంటాడు. దయ్యాలు పొత్తులు మోసుకొస్తాయా? ఆ తర్వాత పేర్లు పడుతున్నప్పుడు వచ్చే బొమ్మల్లో తల్లి కారులో ఇంటికి తిరిగొస్తుంది, పిల్లలతో కలిసి స్నానం చేస్తుంది, పక్క మీద పడుకుని పుస్తకం చదివి వినిపిస్తుంది. ఇవి పాత జ్ఞాపకాలని కొట్టేద్దామన్నా కుదరదు. ఆ బొమ్మల్లో ఆకులు రాలే కాలం వస్తుంది, కుటుంబం ఆ ఊరికి వచ్చింది మాత్రం ఎండాకాలం మొదట్లో.

అయితే పెద్దవాళ్లు దేనికి కదిలిపోతారు? ఈ కథనం అంత వేగంగా పాకడానికి కారణం ఈ ప్రశ్నే అని నా అనుమానం. పొట్టి తోకలు, మసి ఉండల వంటి చిట్టి జీవులు, వాన, కప్పలు ఉన్న పిల్లల సినిమా చూసి గొంతు పట్టేసినవాడికి, ఇంత చిన్న విషయానికా అని తన మీద తనకే నమ్మకం కుదరదు. అందుకని ఎక్కడో ఒక శవాన్ని వెతుక్కుంటాడు. పైగా యుద్ధంలో చెల్లెలు ఆకలితో చనిపోయే ‘గ్రేవ్ ఆఫ్ ద ఫైర్‌ఫ్లైస్’ ఈ సినిమాతో జంటగా అదే రోజు విడుదలైంది, ఆ దిగులు ఈ సినిమాకూ కొంత అంటుకుని ఉండవచ్చు.

కాని చావు భయం ఈ సినిమాలో ఎక్కడా దాచలేదు. ఆసుపత్రి నుంచి తంతి వస్తుంది, ఇంట్లో పెద్దవాళ్లెవరూ ఉండరు. సత్సుకి ఫోన్ ఉన్న ఇంటికి పరుగెత్తి టోక్యోలో ఉన్న తండ్రికి ఫోన్ చేస్తుంది. తేలింది ఒక జలుబు, ఇంటికి రావడం వాయిదా పడింది, అంతే. కాని వెనకటిసారి కూడా కొద్ది రోజులే అన్నారని, జలుబు లాంటిదే అన్నారని ఆ పిల్లకు గుర్తుంది. అప్పటిదాకా పొద్దున్నే లేచి అందరికీ అన్నం డబ్బాలు కట్టినది, చెల్లెల్ని వీపున మోసినది ఆమె. చెల్లెలు ఏ చిన్న దానికైనా గొంతెత్తి ఏడుస్తుంది, అక్క ఏడవదు. ఆ రోజు అవ్వ పక్కన నిలబడి, అమ్మ చనిపోతే ఏం చేయాలి అని నోరు తెరిచి భోరుమంటుంది. కెమెరా ఒక్క క్షణం మేయి వైపు తిరుగుతుంది. అక్క ఏడవడం చూసిన నాలుగేళ్ల పిల్ల పొత్తు గుండెకు హత్తుకుని ఆసుపత్రికి బయలుదేరుతుంది. తోటలో పండినవి తింటే అమ్మకు నయమవుతుందని అవ్వ అంతకుముందు చెప్పి ఉంది మరి.

ఈ భయం కల్పితం కాదు. మియాజాకి పిల్లవాడిగా ఉండగా ఆయన తల్లి వెన్నెముక క్షయతో ఏళ్ల తరబడి మంచం పట్టారు. తరువాత కోలుకుని చాలా కాలం జీవించారు. 1950 వరకు జపాన్‌లో మరణాలకు మొదటి కారణం క్షయే. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రి పేరు చెబితే మన పెద్దల ముఖం ఎలా మారేదో గుర్తున్నవారికి ఆ కాలపు ఇళ్లలోని గుబులు వేరే చెప్పనక్కరలేదు. సినిమాలో రోగం పేరు పలకరు. పిల్లలకు కూడా ఆ పేరు ఎవరూ చెప్పరు కాబట్టి అదే సరైనది.

మా ఇంట్లో దీన్ని మూడు తరాల వాళ్లం కలిసి చూశాం. బస్టాపులో టొటొరో గొడుగు మీద చినుకులు పడగానే ఆనందంతో ఎగిరి దూకడం చూసి పిల్లలు పడీ పడీ నవ్వారు. మా అమ్మ మాత్రం ఆ వానలో ముందొచ్చిన బస్సు దగ్గరే ఆగిపోయింది. చీకటి పడింది, చెల్లెలు వీపు మీద నిద్రపోయింది, చేతిలో నాన్న కోసం తెచ్చిన గొడుగు ఉంది, బస్సు వచ్చి వెళ్లిపోయింది, అందులో నాన్న లేడు. ఆసుపత్రిలో తల్లి సత్సుకి జుట్టు దువ్వుతూ, చిన్నప్పుడు తన జుట్టు కూడా ఇలాగే ఉండేదని చెప్పే చోట అమ్మ తన మోకాళ్ల మధ్య కూర్చున్న మనవరాలి జడ విప్పి మళ్లీ అల్లడం మొదలుపెట్టింది.